మనం వాడబోయే క్రిప్టో ఎక్స్ఛేంజి మన దేశంలో చట్టప్రకారం నడుస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: ఆటోనగర్ పద్దులు, విజయవాడ

అందరికీ నమస్కారం. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే దుకాణంలో నేను 14 ఏళ్లుగా పద్దులు రాస్తున్నాను. జీఎస్టీ బిల్లయినా, ఈ-వే బిల్లయినా చేతికిస్తే అది సరైనదో కాదో నిమిషంలో చెప్పగలను గాని, క్రిప్టో ఎక్స్ఛేంజి (బిట్‌కాయిన్ లాంటివి కొని అమ్మే చోటు) విషయంలో ఏ కాగితాన్ని నమ్మాలో, దేన్ని పక్కన పెట్టాలో ఎంత ఆలోచించినా తేలడం లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆమె ఇంజనీరింగు ఫీజు కోసం పోస్టాఫీసులో వేసిన డబ్బు గడువు తీరి 2 లక్షలు చేతికొచ్చాయి. అందులో 20,000 రూపాయలు మాత్రం బిట్‌కాయిన్‌లో పెట్టి చూద్దామని ఇంట్లో అనుకున్నాం. ఈ సంగతి తెలిసిన పక్క దుకాణం ఆయన తన ఫోనులోని యాప్ ఒకటి చూపించి, అందులోనే పెట్టమని పదేపదే చెబుతున్నారు. ఆ యాప్ ప్లే స్టోరులో దొరకదు. వాట్సాప్ గ్రూపులో వచ్చే లింకు నొక్కి దించుకోవాలి. ఇది మన దేశంలో చట్టప్రకారం నడుస్తోందా అని గ్రూపులో అడిగితే, ఇండియాలో లక్షల మంది వాడుతున్నారని జవాబిచ్చి, అమెరికా ప్రభుత్వం ఇచ్చిందంటూ ఎంఎస్‌బీ రిజిస్ట్రేషన్ పత్రం పంపించారు. దాన్ని ఫోనులో పెద్దది చేసి చూశాను. గద్ద ముద్ర ఉంది, పొడవాటి నంబరు ఉంది, కింద సంతకం ఉంది. కానీ దానిమీది కంపెనీ పేరులో యాప్ పేరు ఎక్కడా లేదు.

మా తమ్ముడు దుబాయిలో ఉద్యోగం చేస్తున్నాడు. తాను వాడే ఎక్స్ఛేంజికి అక్కడి ప్రభుత్వ లైసెన్సు ఉందని, డబ్బు పంపిస్తే తన పేరుమీదే కొనిపెడతానని అంటున్నాడు. ఇవి కాక, నేను 2021లో ఒక విదేశీ ఎక్స్ఛేంజిలో ఖాతా తెరిచాను. 2024 జనవరిలో దాని యాప్ స్టోరు నుంచి తీసేశారు. అప్పటి నుంచి భయపడి దాని జోలికి పోలేదు గాని, అందులో ఇంకా సుమారు 6,000 రూపాయల విలువైన కాయిన్లు ఉండాలి.

ఒక ఎక్స్ఛేంజి మన దేశంలో చట్టప్రకారం పనిచేస్తోందో లేదో నాలాంటి మామూలు మనిషి స్వయంగా తేల్చుకునే పద్ధతి ఏమిటి? ఏ కార్యాలయం, ఏ జాబితా, ఏ పేరు చూడాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: పటమట ఆడిటరు, విజయవాడ

నమస్కారమండీ. డబ్బు వేయకముందే అడిగారు గనుక జవాబు చెప్పడం నాకు తేలికైంది. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది వేసిన తరువాత వస్తారు.

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. క్రిప్టో కొనడం మన దేశంలో నేరమా అన్నది మొదటిది. ఫలానా ఎక్స్ఛేంజికి ఇక్కడివారితో వ్యాపారం చేసే అర్హత ఉందా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు పాతదే: నేరం కాదు. 2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులరుతో బ్యాంకులు ఈ వ్యాపారానికి సేవలందించకుండా ఆపింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ వి. రామసుబ్రమణియన్ అంతకుముందు మన హైదరాబాదు హైకోర్టులో పనిచేసినవారే. తీర్పు వచ్చాక కూడా కొన్ని బ్యాంకులు పాత సర్క్యులరునే చూపిస్తుంటే, అది ఇక చెల్లదని 2021 మే 31న రిజర్వు బ్యాంకే స్పష్టం చేయవలసి వచ్చింది. 2022 బడ్జెట్‌లో పన్ను వచ్చింది. అయితే పన్ను వేసినంత మాత్రాన గుర్తింపు ఇచ్చినట్టు కాదని ప్రభుత్వం అప్పటి నుంచీ చెబుతూనే ఉంది. నిషేధం లేదు, అలాగని బ్యాంకులకు, షేరు బ్రోకర్లకు ఇచ్చినట్టు ఎక్స్ఛేంజిలకు ఇచ్చే లైసెన్సు కూడా మన దేశంలో లేదు. ఈ మాట బాగా గుర్తుంచుకోండి, ఎందుకంటే మోసగాళ్లు ‘ఇండియన్ క్రిప్టో లైసెన్సు’ అనే లేని వస్తువును చూపించే బతుకుతున్నారు.

మరి లైసెన్సే లేనప్పుడు దేన్ని చూడాలి? ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్, అంటే ఎఫ్ఐయూ దగ్గర నమోదును చూడాలి. ఇది కేంద్ర ఆర్థికశాఖలో భాగం. 2023 మార్చి 7న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌తో, ఇతరుల తరఫున వ్యాపారంగా క్రిప్టోను రూపాయల్లోకి, రూపాయలను క్రిప్టోలోకి మార్చేవారు, ఒక కాయినును మరో కాయినుగా మార్చేవారు, బదిలీ చేసేవారు, భద్రపరిచేవారు అందరూ మనీలాండరింగు నిరోధక చట్టం పరిధిలోకి వచ్చారు. వాళ్లు ఎఫ్ఐయూ దగ్గర నమోదు కావాలి, ఖాతాదారుల కేవైసీ చేయాలి, అనుమానాస్పద లావాదేవీలు తెలియజేయాలి. ఇక్కడ ఆఫీసు ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. ఇక్కడివారికి సేవ అందిస్తున్నారా అన్నదే లెక్క. అందుకే 2023 డిసెంబరు 28న బైనాన్స్, కూకాయిన్, హువోబీ, క్రాకెన్, గేట్.ఐఓ, బిట్రెక్స్, బిట్‌స్టాంప్, ఎంఈఎక్స్‌సీ, బిట్‌ఫినెక్స్ అనే 9 విదేశీ ఎక్స్ఛేంజిలకు ఎఫ్ఐయూ నోటీసులిచ్చి, వాటి వెబ్‌సైట్లు అడ్డుకోవాలని కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖను కోరింది. మీ పాత యాప్ 2024 జనవరిలో మాయమైంది అందువల్లనే అయి ఉంటుంది.

కథ అక్కడితో ఆగలేదు. కూకాయిన్ 34.5 లక్షల రూపాయల జరిమానా కట్టి నమోదైంది. బైనాన్సుకు 2024 జూన్‌లో 18.82 కోట్లు, బైబిట్‌కు 2025 జనవరిలో 9.27 కోట్లు జరిమానా పడ్డాయి. రెండూ నమోదు పూర్తిచేసుకుని తిరిగి వచ్చాయి. మరోవైపు 2025 అక్టోబరులో ఇంకో 25 విదేశీ సంస్థలకు నోటీసులు వెళ్లాయి. ఒక ఏడాది బయట ఉన్నది మరుసటి ఏడాది లోపలికి వస్తుంది, లోపలుందనుకున్నది బయటికి పోతుంది. అందువల్ల ఎవరో రెండేళ్ల కిందట చేసిన యూట్యూబు వీడియో చూసి నిర్ణయించుకోవద్దు. డబ్బు వేసే రోజున ఉన్న పరిస్థితినే చూడాలి.

ఇప్పుడు అసలు పద్ధతి. యాప్ పేరు కంపెనీ పేరు కాదు. వజీర్‌ఎక్స్‌ను మన దేశంలో నడిపేది జన్మాయ్ ల్యాబ్స్, కాయిన్‌డీసీఎక్స్‌ను నడిపేది నెబ్లియో టెక్నాలజీస్, కాయిన్‌స్విచ్‌ను నడిపేది బిట్‌సైఫర్ ల్యాబ్స్. ఎఫ్ఐయూ దగ్గర నమోదయ్యేది కంపెనీ. అందుకని ఎక్స్ఛేంజి వెబ్‌సైట్ అడుగున ఉండే ‘టెర్మ్స్’ (నిబంధనల పేజీ) తెరిచి, మీతో ఒప్పందం చేసుకుంటున్న కంపెనీ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒక కాగితంమీద రాసుకోండి. ఆ పేరు ఎక్కడా కనబడకపోతే ఇక ముందుకు వెళ్లనక్కరలేదు. కనబడితే, ఆ పేరును ఆర్థికశాఖ బయటపెట్టిన పేర్లతో పోల్చండి. 2023 డిసెంబరులో లోక్‌సభకు ఇచ్చిన జవాబులో అప్పటికి నమోదైన 28 సంస్థల పేర్లున్నాయి; 2025 అక్టోబరు నాటికి ఆ సంఖ్య 50 అని ప్రభుత్వ ప్రకటనలో వచ్చింది. ఆ తరువాత ఎక్స్ఛేంజి సహాయ విభాగానికి ఒక ఈమెయిలు రాయండి: మీ ఎఫ్ఐయూ నమోదు ఏ కంపెనీ పేరుతో ఉంది, మీ ప్రిన్సిపల్ ఆఫీసరు (ఎఫ్ఐయూకు జవాబుదారీ అయిన అధికారి) ఎవరు అని. ఈ చట్టం కింద ప్రిన్సిపల్ ఆఫీసరును నియమించడం తప్పనిసరి గనుక, నిజంగా నమోదైన సంస్థకు ఈ ప్రశ్న కొత్తగా ఉండదు.

రెండో పరీక్ష మీలాంటి పద్దుల మనిషికి ఇంకా బాగా నప్పుతుంది. 2022 జూలై 1 నుంచి క్రిప్టో అమ్మకంపై 1 శాతం టీడీఎస్, అంటే ముందే కోసుకునే పన్ను ఉంది. చట్టప్రకారం నడిచే ఎక్స్ఛేంజి దాన్ని కోసి మీ పాన్‌పై జమ చేస్తుంది. ఆ త్రైమాసికం లెక్కలు దాఖలయ్యాక మీ పాన్‌పై జమైన పన్నులన్నీ చూపించే 26ఏఎస్‌లో ఆ కంపెనీ పేరుతో కనిపిస్తుంది. ఇప్పటికే ఆ ఎక్స్ఛేంజి వాడుతున్న స్నేహితుడు ఉంటే ఆయన 26ఏఎస్ చూపించమని అడగండి. అక్కడ కనిపించే కంపెనీ పేరు, టెర్మ్స్‌లో మీరు రాసుకున్న పేరు ఒక్కటేనా? అదే చూడవలసింది.

లాభంపై పన్ను 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు. 60,000కు కొన్నది లక్షకు అమ్మితే లాభం 40,000, పన్ను 12,480. అమ్మినప్పుడు కోసిన 1,000 టీడీఎస్ అందులో తగ్గుతుంది. అదే ఏడాది ఇంకో కాయినులో 40,000 నష్టం వచ్చినా దీనితో సర్దుబాటు చేయడానికి వీల్లేదు, మరుసటి ఏడాదికి తీసుకుపోవడానికీ వీల్లేదు. మీ అమ్మాయి ఫీజు డబ్బు గనుక ఈ లెక్క ముందే చెబుతున్నాను.

ఇక మీ పక్క దుకాణం ఆయన యాప్ సంగతి. ఎంఎస్‌బీ అంటే అమెరికాలో డబ్బు బదిలీ వ్యాపారాలు ఫిన్‌సెన్ అనే విభాగం దగ్గర తమంతట తాము చేసుకునే నమోదు. అది అనుమతి పత్రమూ కాదు, మెచ్చుకోలూ కాదని ఫిన్‌సెన్ స్వయంగా చెబుతుంది. అసలైన ఎంఎస్‌బీ నమోదు ఉన్నా దానికి విజయవాడలో విలువ లేదు. పేరు కలవని పత్రానికి ఎక్కడా విలువ లేదు. ఆ లింకు దయచేసి నొక్కవద్దు.

నమోదు ఉన్నంత మాత్రాన మీ డబ్బు భద్రమని మాత్రం అనుకోకండి. ఆ 28 పేర్లలో ఉన్న జన్మాయ్ ల్యాబ్స్ వారి వజీర్‌ఎక్స్‌లోనే 2024 జూలై 18న సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు దొంగల పాలయ్యాయి. ఎక్స్ఛేంజి తిరిగి తెరుచుకునేసరికి 2025 అక్టోబరు వచ్చింది. నమోదు వల్ల మీకు దక్కేది అడగడానికి ఒక చిరునామా, పన్ను లెక్కల్లో ఒక ఆధారం. డిపాజిట్ బీమా లాంటిది ఇక్కడ లేదు.

జవాబు: మిర్చియార్డు, గుంటూరు

ఆడిటరు గారు చెప్పినదంతా సరైనదే. దానికి నా అనుభవం ఒకటి జోడించాలని రాస్తున్నాను, ఎందుకంటే నేను ఎక్స్ఛేంజిని చూసుకున్నాను గాని, అవతలి మనిషిని చూసుకోలేదు.

గుంటూరు మిర్చి యార్డులో నాది కమిషన్ వ్యాపారం. నేను వాడిన ఎక్స్ఛేంజి నమోదైనదే. అందులో పీటూపీ పద్ధతి ఉండేది, అంటే ఎక్స్ఛేంజి మధ్యవర్తిగా ఉంటే కొనేవారు మన బ్యాంకు ఖాతాలో నేరుగా డబ్బు వేస్తారు. ఒక ఫిబ్రవరి రాత్రి 23,500 రూపాయల విలువైన యూఎస్‌డీటీ (డాలరు విలువతో ముడిపడిన కాయిను) అమ్మాను. ఎక్స్ఛేంజి తెరమీద కొనుగోలుదారు పేరు ఒకటి, నా ఖాతాలో డబ్బు వేసిన మనిషి పేరు ఇంకొకటి. నిద్రమత్తులో ఉండి, డబ్బయితే వచ్చింది కదా అని కాయిన్లు విడుదల చేశాను.

తొమ్మిది రోజుల తరువాత, సీజను మంచి ఊపులో ఉండగా, కాటా దగ్గర నిలబడి హమాలీ ముఠా మేస్త్రికి కూలి డబ్బు పంపబోతే ఫోనులో చెల్లింపు జరగలేదు. మూడుసార్లు ప్రయత్నించాను. బ్యాంకుకు వెళ్తే, వేరే రాష్ట్రపు సైబర్ పోలీసుల నుంచి లేఖ వచ్చిందని, ఖాతా మొత్తానికి డెబిట్ ఫ్రీజ్ పెట్టామని చెప్పారు. అక్కడ ఎవరినో మోసం చేసి దోచిన డబ్బు మూడు నాలుగు ఖాతాలు తిరిగి నా దగ్గరికి వచ్చిందట. వివాదం 23,500 మీద అయితే, రైతులకు ఇవ్వవలసిన డబ్బుతో సహా ఖాతాలో ఉన్నదంతా ఆగిపోయింది. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించి వెళ్లిన రైతులకు ఈ సంగతి ఏమని చెప్పగలను? మా బావగారి దగ్గర చేబదులు తీసుకుని సర్దుబాటు చేశాను.

బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు, పోలీసు స్టేషను ఈమెయిలు రాబట్టి, ఎక్స్ఛేంజిలోని ఆర్డరు వివరాలు, మా ఇద్దరి మధ్య నడిచిన చాటింగు, బ్యాంకు స్టేట్‌మెంటు, పాన్, ఆధార్ అన్నీ కలిపి పంపించాను. వివాదంలో ఉన్న మొత్తం వరకు మాత్రమే నిలిపి మిగతాది విడుదల చేయమని వేడుకుంటూ రాశాను. అది జరగడానికి నాలుగు నెలలు పట్టింది. ఇలా ఆస్తిని నిలిపివేసే అధికారం పోలీసులకు ఇప్పటి నాగరిక్ సురక్ష సంహిత 106వ సెక్షన్‌లో ఉంది; పాత సీఆర్‌పీసీలో అది 102.

కనుక ఆటోనగర్ గారూ, ఎక్స్ఛేంజి నమోదు చూసుకున్న తరువాత కూడా పీటూపీ జోలికి వెళ్లవద్దని నా మనవి. వెళ్లక తప్పకపోతే వ్యాపార ఖాతా ఇవ్వకండి. మీ అమ్మాయి ఫీజు డబ్బు ఉన్న ఖాతా అసలే ఇవ్వకండి.

జవాబు: బ్రాడీపేట విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని, గుంటూరు

మిర్చియార్డు తమ్ముడు రాసింది చదువుతుంటే నా సర్వీసు చివరి రెండేళ్లలో కౌంటరు అవతల నిలబడి ఏడ్చిన మనుషులందరూ గుర్తుకొచ్చారు. వారిలో ఒక్కరు కూడా పెద్ద ఆశపోతు కాదు. తెలిసినవారు చెప్పారు కదా అని వేసినవారే.

నాకు తెలిసిన ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఎక్స్ఛేంజిలో డబ్బు జమ చేయడానికి యూపీఐ నంబరో, క్యూఆర్ కోడో, ఖాతా నంబరో ఇస్తారు. పిన్ కొట్టడానికి ముందు ఎవరికి వెళ్తోందో ఆ పేరు తెరమీద కనిపిస్తుంది. ఒక్క క్షణం ఆగి ఆ పేరు చదవండి. నిజమైన ఎక్స్ఛేంజి అయితే అక్కడ ఆ కంపెనీ పేరో, అందరికీ తెలిసిన పేమెంటు సంస్థ పేరో ఉంటుంది. ‘ఫలానా ట్రేడర్స్’, ‘ఫలానా ఎంటర్‌ప్రైజెస్’ అనో, ఎవరో వ్యక్తి పేరో వస్తే అది అద్దెకు తీసుకున్న ఖాతా అని అనుమానించాలి. ప్రతిసారీ ఖాతా మారుతుంటే ఇక అనుమానం కూడా అక్కరలేదు. నెలకు పదివేలు ఇస్తామంటే తమ ఖాతా వాడుకోనిచ్చి తరువాత కేసుల్లో ఇరుక్కున్న కాలేజీ పిల్లలను నేను స్వయంగా చూశాను.

ఇంకో మాట. ‘ఆర్‌బీఐ అనుమతి పొందినది’, ‘సెబీ రిజిస్టర్డ్’ అని ఏ క్రిప్టో యాప్ చెప్పినా అది అబద్ధమే. రిజర్వు బ్యాంకు గాని, సెబీ గాని క్రిప్టో ఎక్స్ఛేంజిలకు అనుమతులు ఇవ్వడం లేదు. కంపెనీల శాఖ వెబ్‌సైట్లో కంపెనీ పేరు కనబడటమూ చాలదు. కిరాణా కొట్టుకైనా కంపెనీ పెట్టుకోవచ్చు. జీఎస్టీ నంబరు కూడా అంతే. ఆడిటరు గారు చెప్పిన ఎఫ్ఐయూ నమోదు ఒక్కటే ఇక్కడ పనికొచ్చే ఆధారం. ప్రకటనల్లో కూడా ఒక గుర్తు ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి నిబంధన ప్రకారం, క్రిప్టోపై నియంత్రణ లేదని, చాలా ప్రమాదం ఉండవచ్చని, నష్టం వస్తే ఆదుకునే నియంత్రణ వ్యవస్థ ఉండకపోవచ్చని ప్రతి ప్రకటనలోనూ చెప్పాలి. ఆ మాట చెప్పకుండా రోజుకు ఇంత ఖాయమని చెప్పేది ఏదైనా, అది చట్టాన్ని పట్టించుకునే సంస్థ కాదు.

మీ పక్క దుకాణం ఆయన ఇప్పటికే డబ్బు వేసి ఉంటే, తిరిగి తీసుకోవడానికి ఈ రోజే ప్రయత్నించమని చెప్పండి నాయనా. తీసుకోవాలంటే ముందు పన్ను కట్టాలి, ఛార్జీ కట్టాలి అని అడిగితే ఒక్క రూపాయి కూడా కట్టకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి, సైబర్ క్రైం పోర్టల్‌లో ఫిర్యాదు వేయాలి. డబ్బు పోయిన మొదటి గంటల్లో చెబితే అవతలి ఖాతాలో దాన్ని ఆపగలిగే అవకాశం ఉంటుంది.

జవాబు: తెనాలి, ప్రస్తుతం దుబాయి

అన్నగారూ, మీ తమ్ముడి మాట గురించి రాస్తాను. నేనూ అక్కడే ఉంటున్నాను.

దుబాయిలో 2022లో ఏర్పడిన వారా అనే ప్రత్యేక సంస్థ క్రిప్టో వ్యాపారాలకు లైసెన్సులు ఇస్తుంది. దాని వెబ్‌సైట్లో ఎవరికి ఏ పనికి లైసెన్సు ఉందో బహిరంగంగా చూసుకోవచ్చు. ఈ సౌకర్యం నిజంగా మెచ్చుకోదగినది. అబుదాబిలోని అంతర్జాతీయ ఆర్థిక కేంద్రానికి వేరే నియంత్రణ సంస్థ ఉంది. ఒకే దేశంలోనే ఇలా రెండు మూడు ఉంటే, ఒక దేశపు లైసెన్సు ఇంకో దేశంలో ఎలా చెల్లుతుంది? మీ తమ్ముడు అక్కడి నివాసి గనుక, తన ఎమిరేట్స్ ఐడీతో, తన జీతంతో అక్కడి ఎక్స్ఛేంజిలో కొనుక్కోవచ్చు. మీరు విజయవాడ నివాసి గనుక మీకు వర్తించేది మన దేశపు నియమమే. ఎక్స్ఛేంజిలు మన పాస్‌పోర్టు కన్నా మనం ఎక్కడ ఉంటున్నామన్నదే ముఖ్యంగా చూస్తాయి.

మీ డబ్బు ఆయన పేరుమీద పెట్టడం ఇద్దరికీ మంచిది కాదు. కేవైసీ చేసిన ఖాతాను ఇతరుల డబ్బుతో నడపకూడదని దాదాపు ప్రతి ఎక్స్ఛేంజి నిబంధనల్లోనూ ఉంటుంది. తెలిస్తే ఖాతా నిలిపివేస్తారు. మీరు ఇండియా నుంచి డబ్బు పంపేటప్పుడు బ్యాంకుకు కారణం చెప్పాలి. కుటుంబ ఖర్చులని రాసి క్రిప్టో కొంటే అది తప్పుడు ప్రకటన అవుతుంది.

వీపీఎన్ (మనం ఏ దేశంలో ఉన్నామో దాచే సాధనం) పెట్టుకుని అడ్డుకున్న ఎక్స్ఛేంజిలోకి వెళ్లమని కొందరు సలహా ఇస్తారు. వెళ్లడం తేలికే. కానీ డబ్బు వెనక్కి తీసే రోజున చిరునామా రుజువు అడుగుతారు, అప్పుడు విజయవాడ కరెంటు బిల్లు చూపిస్తే ఖాతా ఆగిపోతుంది. ఎక్స్ఛేంజి టెర్మ్స్‌లో సేవలు అందని దేశాల జాబితా ఉంటుంది. సైన్ అప్ పేజీలో ‘ఇండియా’ కనబడిందా లేదా అన్నది కాకుండా ఆ జాబితానే చదవండి.

జవాబు: సత్యనారాయణపురం, విజయవాడ

ఎఫ్ఐయూకే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, ఫలానా కంపెనీ నమోదైందా అని అడగవచ్చు కదా? 10 రూపాయలతో పోతుంది.

జవాబు: పటమట ఆడిటరు, విజయవాడ

ఆలోచన మంచిదే గాని ఆ దారి దాదాపు మూసి ఉంది. సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం రెండో షెడ్యూలులో ఉన్న సంస్థలకు మినహాయింపు ఉంది. ఆ షెడ్యూలులో ఎఫ్ఐయూ కూడా ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘనలకు సంబంధించిన సమాచారం మాత్రమే అడగవచ్చు. అందుకే నేను పార్లమెంటు జవాబులను, ప్రభుత్వ ప్రకటనలను చూడమన్నాను.

పేమెంటు తెరమీద పేరు చదవాలన్న మేడం గారి మాట నేను రాయవలసి ఉండీ రాయలేదు. నా పద్ధతిలో దాన్ని కూడా చేర్చుకోండి.

మళ్లీ: ఆటోనగర్ పద్దులు, విజయవాడ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం కూర్చుని మీరు చెప్పినవన్నీ చేశాను.

ముందు పక్క దుకాణం ఆయన ఫోను తీసుకుని టెర్మ్స్ కోసం వెతికాం. ఆ యాప్‌లో ఆ పేజీయే లేదు; అడుగున ఉన్న అక్షరాలు నొక్కితే మళ్లీ మొదటి పేజీకే వస్తోంది. ఆయన ఇదివరకు మూడుసార్లు డబ్బు వేశారు. యూపీఐ చరిత్ర తెరిచి చూస్తే మూడు వేర్వేరు పేర్లు: ఒకటి బట్టల వ్యాపారం పేరు, రెండు మనుషుల పేర్లు. ఆ మూడు పేర్లు వరుసగా చూసిన తరువాత ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 5,000 వెనక్కి తీయడానికి ప్రయత్నిస్తే, ఖాతా ‘ధ్రువీకరణ’ కోసం ఇంకో 8,000 వేయమని వచ్చింది. అది వేయకుండా అక్కడి నుంచే 1930కి ఫోను చేయించాను. మూడు లావాదేవీల నంబర్లు, గ్రూపులో వచ్చిన పత్రం, అన్నీ తెరచిత్రాలు తీసి ఇచ్చాం. ఆయన వేసినది మొత్తం 46,000.

తమ్ముడికి కూడా చెప్పాను. మొదట నొచ్చుకున్నాడు గాని, తెనాలి తమ్ముడు రాసింది పంపిస్తే చదివి, తన ఖాతా నిబంధనల్లోనూ ఆ మాట ఉందని వాడే ఫోను చేసి చెప్పాడు.

నా పాత ఎక్స్ఛేంజి 2024లో నమోదై తిరిగి వచ్చినవాటిలో ఒకటని తేలింది. లాగిన్ అయితే కొత్తగా పాన్‌తో కేవైసీ అడిగింది. కాయిన్లు ఉన్నాయి. అయితే పాత లెక్కలు చూస్తుంటే నేను మరిచిపోయిన అమ్మకం ఒకటి కనబడింది. 2022 జూలైలో 15,000కు కొని, ఆగస్టులో 18,000కు అమ్మాను. అప్పట్లో వాళ్లు టీడీఎస్ కోయలేదు, నేనూ రిటర్నులో చూపించలేదు. ఆ ఏడాది 6 లక్షల పైచిలుకు ఆదాయానికి రిటర్ను వేశాను. ఇప్పుడు ఏం చేయాలి? మిగిలిన కాయిన్లను ఇంకో ఎక్స్ఛేంజికి మార్చుకుంటే దానికీ పన్ను పడుతుందా?

జవాబు: పటమట ఆడిటరు, విజయవాడ

మీ కాయిన్లను మీ పేరుమీదే ఉన్న ఇంకో ఖాతాకు మార్చుకోవడం అమ్మకం కాదు గనుక దానికి పన్ను లేదు. అయితే చేరే ఎక్స్ఛేంజి బయటి నుంచి వచ్చే కాయిన్లు తీసుకుంటుందో లేదో ముందు కనుక్కోండి, కొన్ని తీసుకోవు. తీసుకునేవి ఎక్కడి నుంచి వచ్చాయని అడుగుతాయి. కాయిన్లు పంపే నెట్‌వర్కు తప్పుగా ఎంచుకుంటే కాయిన్లు తిరిగి రాకపోవచ్చు గనుక మొదట చిన్న మొత్తం పంపి, అది చేరాకే మిగతాది పంపండి.

2022 ఆగస్టు అమ్మకం 2023-24 మదింపు సంవత్సరంలోకి వస్తుంది. లాభం 3,000, దానిపై పన్ను సెస్సుతో 936 రూపాయలు, దానికి వడ్డీ కలుస్తుంది. సవరించిన రిటర్ను గడువు దాటిపోయింది గాని, చూపించని ఆదాయాన్ని తరువాత చూపడానికి వేసే అప్‌డేటెడ్ రిటర్ను గడువును 2025 ఫైనాన్స్ చట్టం 48 నెలలకు పెంచింది కాబట్టి మీకు 2028 మార్చి 31 వరకు సమయం ఉంది. ఆలస్యమైన కొద్దీ దానిపై అదనపు పన్ను 25 శాతం నుంచి 70 శాతం దాకా పెరుగుతుంది. మీ విషయంలో అది వందల్లోనే ఉంటుంది. అయినా ఇప్పుడే వేయండి, ఎందుకంటే నమోదైన ఎక్స్ఛేంజిలో మీ పాన్ ఇచ్చారు గనుక మీ ఖాతా ఇక ఆదాయపు పన్ను శాఖకు కనిపించేదే.

ఆ 15,000 మీరు ఏ ఖాతా నుంచి, ఏ తేదీన పంపారో చూపించే బ్యాంకు స్టేట్‌మెంటు, ఎక్స్ఛేంజిలో దించుకున్న ఆర్డరు చరిత్ర, ఆ ఏడాది రిటర్ను నకలు వెంట తెచ్చుకోండి. కొన్న ధరకు రుజువు లేకపోతే 18,000 మొత్తాన్నీ లాభంగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. పక్క దుకాణం ఆయనను కూడా వెంటబెట్టుకు రండి; 1930 వారు ఇచ్చిన ఫిర్యాదు నంబరుతో సైబర్ క్రైం స్టేషనులో ఇవ్వవలసిన అర్జీ నేను రాసిపెడతాను.